అడ్డం తిప్పిన ముక్క

హమ్రియాల ఆగస్టు.
సముద్రం గోడ అవుతల ఉన్నా
దాని తడి మాత్రం లోపలికి డ్యూటీకి వస్తది,
పంచ్ కార్డు లేకుండ.

నా బల్ల మీద భూతద్దం, దాని చుట్టు దీపం.
రాగి గీతలు వెంట్రుక కన్న సన్నం.
తెగినదాన్ని, పక్కదానికి అంటుకున్నదాన్ని పట్టి
ఎర్ర స్టిక్కర్ అతికించుడు నా పని.
కోరుట్లల చాటన్ చేసిందీ ఇదే,
నేను చుట్టిన బీడీలల్ల వంకరవి ఏరి
నా ఒళ్లెకే విసిరేటోడు.
ఇప్పుడు ఆ కుర్చీల నేను కూసున్న.
మొదటి నెల ఒక్క ముక్క తీసెయ్యాలన్నా చెయ్యి వణికింది.

జూలైల లెక్క తప్పింది. వంద బోర్డులకు పదకొండు చెత్త.
ఆర్డరు పోతదని నాదిర్ సాబ్
సిగరెట్లు మానేసి, మళ్ల మొదలువెట్టిండు.
దుబాయి నుంచి లాభం నేర్పే మనిషి వచ్చిండు,
మెడల తాడు, చేతుల ట్యాబు, మూడు దినాలు తిరిగిండు.
చాయ్ ఒక్కసారికి దించిండు.
చేతి తొడుగులు ఉతికి వాడుమన్నడు.
రాత్రిపూట పసుపు దీపాల గదిల ఏసీ బందు పెట్టించిండు:
లోపల ఎవ్వలు లేరు గదా, ఎవలకు చల్లగాలి?

ఫిల్ముకు.
ఆ నీలం పొర రాగిని పట్టుకోని ఉండాలంటే
గాలి పొడిగ ఉండాలె, అది తొట్ల కాడి పోరనికి గూడ తెలుసు.
తెల్లారేసరికి రెండు వందల పలకల మీద
కాలిన తోలు లెక్క లేచింది.
ముజమ్మిల్ ఒక్క పలకను వెలుగుకు ఎత్తి చూపిండు,
ఏం అనలేదు.
కరెంటుల మిగిలింది నూట ఎనభై దిర్హాలు.
పోయింది ఎంతనో చెప్ప సాబుకు నోరు రాలేదు.

రోవెనా స్క్రీన్ మీద పలక నక్ష పెట్టుకోని కూసున్నది.
నాలుగు నాలుగుగ మూడు వరుసలు, పన్నెండు బోర్డులు.
కింద బెత్తెడు జాగ,
అండ్ల సన్నటి పరీక్ష ముక్క ఒక్కటే
కాళ్లు సాపుకోని పండుకున్నది.
చాయ్ గ్లాసు తీస్కపోను వచ్చినదాన్ని ఆడనే ఆగిన.

నాకు తునికాకు కనవడ్డది.
వెయ్యి బీడీలకు ఇంత అని తూకమేసి ఇస్తరు ఆకు.
తక్కువైతే నీ పైసలు పెట్టి కొనుక్కో.
అందుకే మా అత్త రేకుపట్టీ ఆకు మీద పెట్టి
కత్తెర ఆడించక ముందు ఊకె సూస్తుండె.
నడిమీనె పొంట నిలువు, తొడిమె దిక్కు అడ్డం,
పురుగు తిన్న బొక్కను తప్పించి ఇంకొకటి.
ఆకునడుగాలె బిడ్డా, పట్టీని గాదు, అనేది.

వేలు పెట్టి చూపిన:
ఆ సన్నదాన్ని లేపి పక్కంచుకు నిలవెట్టు,
ఈడ రెండు బోర్డులు అడ్డం పండవెట్టు.
రోవెనా తిప్పింది.
పద్నాలుగు.
నమ్మక, స్క్రీన్ మీద వేలు పెట్టి మళ్ల లెక్కవెట్టింది.

అదే పలక, అదే రాగి, అదే ఆసిడ్.
ఏసీ మళ్ల నడిచింది. కొత్త తొడుగులు వచ్చినయి.
సెప్టెంబరుల సాబ్ మిఠాయి డబ్బ పంచిండు,
అందరికి ఒక్కటి, నాకు రెండు.
తుక్కు కొనే పఠాన్ బండి సగమే నిండి పోయింది,
పోతుపోతు నా దిక్కు చూసిండు. ఎవలు చెప్పిన్రో.

ఆరు దినాల పని ఐదు దినాలకే ఒడుస్తున్నది.
శుక్రవారం షిఫ్టు ఎత్తేసిన్రు.
శుక్రవారమంటే ఒకటిన్నర కూలి,
అంటే నా చిట్టీ పైసలు.
అప్పుడు ఆకు తక్కువైందని కొంగుముడి ఇప్పిన.
ఇప్పుడు ఆకు మిగిలిందని.

ఇయ్యాల శుక్రవారం. అలవాటు, నాలుగింటికే మెలకువ.
రూముల ఆరు మంచాలు.
కిటికీ అద్దానికి బయటి దిక్కు నీళ్లు కారుతున్నయి.
తలుపు పక్కది అడ్డం తిప్పి
ఇనుప బీరువాను మూలకు నిలవెడితె
ఏడో మంచం పడ్తది.

గోడ దిక్కు తిరిగి పండుకున్న.